నేను కోసిన సీటు

ఒక కారు అమ్ముడుపోయింది. దాని వెంట పోయిన కాగితాల్లో ఒక మాట నిజం కాదు. ఆ మాటకు ఆధారం వెతికి తెచ్చి ఇచ్చింది నేనే. అది నిజం కాదని చూపగలిగే వస్తువు ఒక్కటే ఉండేది. దాన్ని గ్రైండర్‌తో మూడు ముక్కలు కోసిందీ నేనే. రెండూ మంచి పనులే అనుకుని చేశాను. నేను చేసింది నాకు తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు కాబట్టి రాసిపెట్టే బాధ్యత కూడా నాదే అయింది.

ఇందులో ఎవరి పేరూ ఉండదు. పేర్లు వద్దన్నది ఒక పెద్దామె, ఆమె గురించి ముందు ముందు చెబుతాను. "దొంగ అన్ననాడు మా అబ్బాను పేరు పెట్టి అన్నరు తమ్మీ. మనం ఎవరి పేరూ పెట్టద్దు. తెలిసినోళ్లకు తెలుస్తది" అని ఆమె మాట. దాన్ని దాటలేదు. అబ్బా అంటే నాన్న.

నాది డెంటింగ్ పని. గుద్దుకుని సొట్టలు పడ్డ కార్ల రేకును మళ్లీ సాపు చేస్తాను. వరంగల్‌లో పోచమ్మమైదాన్ దాటాక రోడ్డు పక్కన నా షెడ్డు. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివినదంతా హన్మకొండలో గ్రంథాలయం బల్లల మీద చదివిందే. ముప్పై ఏళ్లకు పైగా, పని తెగిన ప్రతి పూట, చేతులకున్న గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని అక్కడికి పోతున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా పట్టాను. ఇంజన్లు ఎట్లా పుట్టాయి, రేకు ఎక్కడ మొదట సాగగొట్టారు, కాకతీయుల కాలంలో ఇనుము ఎట్లా తీశారు, అడిగితే చెప్పగలను. అడగకపోయినా చెబుతానని నా పక్క షెడ్ల వాళ్ల ఫిర్యాదు. వాళ్లు నన్ను పంతులు అంటారు. అది గౌరవం కాదని తెలుసు, అయినా వినడానికి నాకు బాగానే ఉంటుంది.

ఆ పేరు వల్లనే కారు నా దగ్గరికి వచ్చింది.

ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో ఒక పాత జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి నుంచి గింజ తీసే మిషన్లు ఆగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దాని షెడ్లలో మిర్చి బస్తాలు పెట్టుకుంటున్నారు. ఆ మిల్లు పెట్టిన ఆసామి మనవడు హైదరాబాద్‌లో ఉంటాడు. నలభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. స్థలం అమ్మకానికి పెట్టి సామాను తీయిస్తుంటే వెనక షెడ్డులో, పాత పత్తి బేళ్ల చాటున, తార్పాలిన్ కింద ఇది దొరికింది. పాత కార్లు కొని దాచుకునేవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారనీ, ఇట్లాంటివి వాళ్లు వదలరనీ అతనికి తెలుసు. రేకు పని తెలిసి నాలుగు అక్షరాలు కూడా వచ్చినవాడు ఎవరని అడిగితే నా షెడ్డు చూపించారట.

నేను పోయి చూశాను. సన్నగా, పొడుగ్గా, చుట్ట ఆకారంలో ఉంది. నాలుగు చక్రాలూ ఒంటికి బయట ఉన్నాయి. తలుపులు లేవు, టాపు లేదు. నడుమ ఒక గుంత, ఒక్క మనిషి దిగేంత. పక్కన ఇంకొకరు కూర్చునే చోటే లేదు. గ్రీజు ఉన్న ప్రతి చోటా పత్తి నూగు పట్టుకుని బూడిద రంగు బొచ్చు మొలిచినట్టు ఉంది. ముక్కు ఎడమ పక్కన లోపలికి కుంగిపోయింది. మిర్చి ఘాటుకు మేం ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. తుమ్ముల మధ్య అతను తనకు తెలిసిన కథ చెప్పాడు.

తాతకు రేసుల పిచ్చి. అప్పట్లో మన దగ్గర ఇట్లాంటి కార్లు దొరికేవి కావు కాబట్టి మిల్లు వర్క్‌షాపులోనే పైపులతో చట్రం కట్టించి, ఆ కాలపు టాక్సీ కారు ఇంజన్ పెట్టించి, అల్యూమినియం రేకు కొట్టించి తయారు చేయించాడు. మద్రాసు దగ్గర వాడకం లేని ఒక రన్‌వే మీద రేసులు జరిగేవి, అక్కడికి పోయి తానే నడిపాడు. ఇంట్లో ఒక వెండి కప్పు కూడా ఉంది. తర్వాత ఒక పొద్దున మిల్లు ఫిట్టర్ ఒకడు చెప్పకుండా బండి తీసుకుని ఇక్కడి మామునూరు విమానాల రన్‌వేకు పోయి, గుద్దుకుని చనిపోయాడు. అప్పటి నుంచి తాత దీని ముఖం చూడలేదు.

"దొంగతనంగ తీస్కపోయిండట ఉస్తాద్. పాపం" అన్నాడు. నిజంగానే పాపం అనుకుంటూ అన్నాడు.

బండిని నా షెడ్డుకు లాక్కొచ్చాం. నా పని మూడు ముక్కల్లో చెప్పాడు. ముక్కు సాపు చేయాలి, పాత రంగే మళ్లీ వేయించాలి, సీటు వెడల్పు చేయాలి. ఎందుకంటే కొనేవాళ్లు చాలా వరకు ఒళ్లున్న మనుషులు. వచ్చినవాడు ముందు అందులో కూర్చుంటాడు, పట్టకపోతే మనసు విరుగుతుంది.

పాత సీటు ఒకే రేకు. ఎక్కడా అతుకు లేదు. చెక్క సుత్తితో రోజుల తరబడి కొట్టి వంచిన పని. లోపల పలచని తోలు, అది నల్లబడి రేకుకు అంటుకుపోయింది. ఏది విప్పినా ముందు కొలతలు నోటుబుక్కులో రాసుకోవడం నా అలవాటు. అది కూడా రాసుకున్నాను. నడుము దగ్గర పద్నాలుగు అంగుళాలు. వెన్ను పొడవు తక్కువ. భుజాలు ఆనే చోట ఎడమ అంచు కన్నా కుడి అంచు అంగుళంపావు కిందికి ఉంది. అంత చక్కటి పనిలో అదొక్కటే వంకర. దాని ఎదురుగా "కుడివైపు పని తప్పు" అని రాశాను.

కోసే ముందు ఒకసారి కూర్చుని చూద్దామనిపించింది. నేను లావు మనిషిని కాను. అయినా సగం దాకా దిగి ఆగిపోయాను. నడుము రెండు పక్కలా రేకు పట్టుకుంది. కుడి భుజం కింద ఆనవలసిన చోట ఏమీ లేదు, ఖాళీగా ఉంది. కూర్చున్న మనిషి ఇంకా లేవకముందే నేను దిగబోయినట్టు అనిపించింది. గబుక్కున లేచి వచ్చాను. పక్క షెడ్డు వాడు చూసి, పంతులు చిన్నపిల్లల కుర్చీల ఇరుక్కున్నడని అందరికీ చెప్పాడు. నేనూ నవ్వాను. గ్రైండర్ పెట్టాను. రేకు అరిచే చప్పుడు రోజూ వినేదే, ఆ రోజు మాత్రం పని మధ్యలో రెండుసార్లు ఆపి చుట్టూ చూశాను. మూడు ముక్కలూ ఆ వారం తుక్కు బండిలో పోయాయి.

ఇరవై అంగుళాల కొత్త సీటు పెట్టాను. మనవడు దిగి కూర్చుని స్టీరింగ్ తిప్పి చిన్నవాడిలా నవ్వాడు.

ఆ తర్వాత అతను అడిగింది చరిత్ర. ఇట్లాంటి బండ్లకు ఇనుము విలువ ఎంత ఉంటుందో కాగితం విలువ కూడా అంత ఉంటుందట. ఎవరు కట్టారు, ఎవరు నడిపారు, ఎక్కడ పరుగెత్తింది, వీటికి రుజువు కావాలి. నేను ఎగిరి గంతేశాను. ఇన్నేళ్ల నా చదువుకు ఒక పని దొరికింది.

నాలుగు రోజులు షెడ్డు మూసి గ్రంథాలయంలో కూర్చున్నాను. పాత పత్రికలు సంవత్సరాల వారీగా అట్టలు కుట్టి ఉంటాయి. కాగితం పసుపుపచ్చగా మారి ముట్టుకుంటే పెళుసు. నాలుగో రోజు మధ్యాహ్నం దొరికింది. లోపలి పేజీలో, అరచేయంత ఫొటో. ఇదే బండి. గుంతలో హెల్మెట్, కళ్లద్దాలు పెట్టుకున్న ఒక మనిషి. కింద ఒక వాక్యం, వరంగల్ మిల్లు యజమాని తన సొంత బండిలో అని, ఆసామి పేరుతో సహా. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. అక్కడ పనిచేసే ఆయనను అడిగి ఫొటో తీసుకున్నాను. ఆ సాయంత్రం మనవడు ఫోన్‌లోనే, మీరు లేకపోతే ఇది ఉత్త రేకు ఉస్తాద్ అన్నాడు. షెడ్ల వాళ్లందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. వారం తిరగకముందే ఆ పేజీ, ఆ వాక్యం, ఎర్రగా మెరిసే బండి ఫొటోలతో కలిసి ప్రకటనలోకి ఎక్కాయి.

పేర్లు వద్దన్న ఆమె వచ్చింది ఆ ప్రకటన వచ్చిన పది రోజులకు, మధ్యాహ్నం పూట. అరవై దాటి ఉంటుంది, పొట్టి మనిషి. బుర్ఖా మీదనే మెడలో కొలత టేపు ఉంది, మిషన్ దగ్గరి నుంచి అట్లాగే లేచి వచ్చినట్టు. రంగసాయిపేటలో బట్టలు కుడతానని చెప్పింది. వాళ్ల గల్లీలో ఎవరో ఫోన్‌లో బండి ఫొటో చూపించారట. స్టూలు వేస్తే కూర్చోలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ముక్కు దగ్గర ఆగి, సాపు చేసిన చోట చూపుడువేలుతో రాసి చూసింది. తర్వాత గుంతలోకి వంగింది.

"తమ్మీ, దీంట్ల సీటు వేరే ఉండె."

మార్చామని చెప్పాను.

"అది మా అబ్బా కొట్టిన సీటు. తన ఒంటికి తనే కొట్టుకున్నడు. ఆయన కుడి భుజం జర దిగి ఉండేది. చిన్నప్పుడు విరిగితే కట్టు సక్కగ కట్టలే. అందుకే ఆ పక్క రేకు కూడ కిందికి దించిండు. ఉన్నదా అది?"

ఆ వంకర గురించి నేను ఎవరికీ చెప్పలేదు. మనవడికి కూడా చెప్పలేదు. లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చి ఆ పేజీ తీసి ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వరుస వెంట వేలు జరుపుతూ, పెదవులు కదుపుతూ చదివింది. నడుము, వెన్ను, ఎడమ భుజం, కుడి భుజం. బట్టలు కుట్టేవాళ్లు కొలతల చీటీ చదివినట్టే చదివింది. చివరికి నేను రాసిన వాక్యం మీద వేలు ఆగింది.

"పని తప్పు కాదు తమ్మీ. భుజం" అంది.

అప్పుడు స్టూలు మీద కూర్చుని చెప్పింది. ఆమె తండ్రి ఆ మిల్లులో ఫిట్టరు. ఇనుము పనీ రేకు పనీ రెండూ వచ్చు. ఆసామి డబ్బుతో ఈ బండి కట్టింది ఆయనే. ఆసామికి రేసుల పిచ్చి నిజమే, కానీ భారీ మనిషి, చెయ్యి కుదరలేదు. ఈ సీటు కొట్టకముందు, మొదటిసారి కూర్చుని మిల్లు గోడకు గుద్దాడు. అప్పటి నుంచి నడపడం ఈయన, పేరు ఆయనది. హెల్మెట్, అద్దాలు పెట్టుకుంటే లోపల ఎవరున్నారో మద్రాసులో ఎవరికి తెలుస్తుంది? ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పొద్దని నవ్వుతూ పెండ్లానికి, బిడ్డకు ఒట్టు వేయించేవాడట.

ఆ చివరి రోజు ఆమెకు ఎనిమిదేళ్లు. తండ్రి వాకిట్లో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. మిల్లు నుంచి మనిషి వచ్చాడు. బండిలో కొత్త సామాను ఏదో పెట్టారు, ఆసామి రన్‌వే దగ్గర ఉన్నాడు, ఇప్పుడే నడిపి చూపమన్నాడు, పద అన్నాడు. తండ్రి ముఖం తుడుచుకుని పోయాడు. మధ్యాహ్నం తీసుకొచ్చి పండబెట్టినప్పుడు ఒక చెంప నున్నగా, ఒక చెంప గడ్డంతో ఉంది.

ఆ రన్‌వే సర్కారుది, అక్కడ బండి నడపడానికి అనుమతి లేదు. కేసు అవుతుందని భయపడి మిల్లు వాళ్లు ఆ సాయంత్రానికే కథ కట్టారు, ఫిట్టరు చెప్పకుండా బండి దొంగిలించాడని. వారం లోపల వీళ్లుండే మిల్లు క్వార్టరు ఖాళీ చేయించారు. ఎంత తొందర ఉంటే గడ్డం కూడా పూర్తి చేయకుండా దొంగతనానికి పోయిండు అని మిల్లు గేటు దగ్గర అనుకున్నారట.

"దొంగతనానికి పోయేటోడు గడ్డం ఎందుకు మొదలువెడ్తడు తమ్మీ? ఇది నేను చిన్నప్పటి నుంచి అడుగుతాన. ఎవరు ఇంటరు. బడిల కారుదొంగ బిడ్డ అన్నరు. నా పెండ్లి మాటలప్పుడు అన్నరు. ఇప్పటికీ మా గల్లీల ఒకామె ఉన్నది, జాకెట్ టైట్ అయిందని గొడవొస్తే చాలు, దొంగ బిడ్డ గుడ్డ కూడ మిగుల్చుకున్నది అంటది. నాకు పైసలొద్దు. పంపిస్తే పోయిండని రాయమను. అంతే. దొంగ కొలతకు ఎవరన్న సీటు కొట్టనిస్తరా?"

నేను కోశానని అప్పుడు చెప్పాను. ఆమె ముక్కలెక్కడ ఉన్నాయని అడిగింది. ఇద్దరం ఆటోలో తుక్కు కొట్టుకు పోయాం. కొట్టు వాడు నా ముఖం చూసి, అల్యూమినియం నా దగ్గర వారం ఆగదు పంతులూ, ఈపాటికి ఎవరింట్లనో గిన్నె అయి ఉంటది అంటూనే కొట్టంతా రెండుసార్లు వెతికాడు. ఆమె తల ఊపింది. ఆటోలో తిరిగి వస్తుంటే టేపును వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది.

మర్నాడు భూతద్దం జేబులో పెట్టుకుని గ్రంథాలయానికి పోయాను. అదే సంపుటం, అదే పేజీ. మొదటిసారి చూసినప్పుడు నేను ఫొటో కింద ఉన్న వాక్యం చదివాను, ఫొటో చూడలేదు. ఇప్పుడు చూశాను. గుంత అంచు పైన హెల్మెట్, భుజాల అంచులు, చేతులు మాత్రమే కనబడుతున్నాయి. అంత పొట్టి మనిషి. స్టీరింగ్ మీద సన్నటి మణికట్లు. కుడి భుజం దిగి ఉంది. ఆనవాలు ఆ పేజీలోనే, నా కళ్ల ముందే ఉండింది. అచ్చులో ఉన్నది నిజమని నమ్మడం నాకు చదువు నేర్పిన అలవాటు. అక్షరం రానివాడెవడైనా ఆ పేజీ చూసి ఉంటే, ముందు మనిషిని చూసేవాడు.

ఆ వారం నాకు ఒక జబ్బు పట్టుకుంది. బస్సులో, సెలూన్‌లో, ఆటోలో, ఎక్కడ ఖాళీ సీటు కనబడినా అందులో ఎవరో పొట్టి మనిషి ఆని ఉన్నట్టు, కుడి పక్కకు కొంచెం వాలి ఉన్నట్టు ఉండేది. బస్సులో కూర్చునే ముందు ఒక క్షణం ఆగేవాణ్ని. వెనకున్నవాళ్లు కూసోవయ్యా అని తోసేవాళ్లు.

పాత కొలతలకు మళ్లీ ఒక సీటు కొట్టాను. ఎవరూ అడగలేదు. తొమ్మిది రోజులు పట్టింది. రేకు కొట్టడమంటే మామూలుగా కారు గీత ఎట్లా ఉండాలో కళ్లతో చూస్తూ కొట్టడం. ఇది వేరు. చూడడానికి ఏమీ లేదు, ఒక మనిషి వీపు అక్కడ ఉందనుకుని దాని చుట్టూ కొట్టాలి. కుడి భుజం గుంత తీస్తున్నప్పుడు మాత్రం సుత్తి దానంతట అదే నెమ్మదించేది. ఎక్కువ దిగితే ఆయనకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు.

పూర్తయ్యాక ఆమెను పిలిచాను. అప్పటికి ఆమెను ఆపా, అంటే అక్కా, అనడం అలవాటైంది. ఇది సాక్ష్యం కాదు ఆపా, ఇది నేను చేసిన నకలు, కోసినది పోయింది అని ముందే చెప్పాను. ఆమె కుడి భుజం గుంతలో అరచేయి పెట్టింది. అది సరిగ్గా పట్టింది. చాలా సేపు తీయలేదు.

నేను రమ్మన్న రోజు మనవడు వచ్చేసరికి వెడల్పు సీటు విప్పి పక్కన పెట్టి, దీన్ని బిగించాను. ఆమె స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె ఎవరో చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. నోటుబుక్కు, భూతద్దం, ఫొటో, అన్నీ ముందు పెట్టాను. అతను బూట్లు విప్పి గుంతలోకి దిగాడు. తొడల దాకా దిగి నడుము దగ్గర ఆగిపోయాడు. ఇంకొంచెం నొక్కి చూశాడు. తర్వాత అట్లాగే, సగం లోపల సగం బయట, రెండు చేతులూ అంచు మీద పెట్టుకుని నిలబడిపోయాడు.

"మా తాత నాకన్న లావు" అన్నాడు.

బయటికి వచ్చి బూట్లు వేసుకున్నాడు. అప్పుడు అతను ఇబ్బందిగా చెప్పిన దాని సారాంశం ఇది. కొనే ఆయన వేరే రాష్ట్రంలో ఉన్నాడు, బయానా ఇచ్చేశాడు, కాగితాలు పంపడం అయిపోయింది. ఇప్పుడు నడిపింది మా తాత కాదంటే మిగతావన్నీ కూడా అబద్ధమేమో అనుకుంటాడు. అప్పు మీద ఉన్న స్థలం, అన్నదమ్ముల వాటాలు, అన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి. నాతో, మీరు తెచ్చిన పేపరే కదా ఉస్తాద్ అని కూడా అన్నాడు.

తర్వాత ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, రాతల పెట్టలేను. కానీ నేను నమ్ముతున్న. మీ నాన్న దొంగ కాదు. నా నోటితో చెప్తున్న."

"నోటి మాటతోనే మా అబ్బాను పిలిచిన్రు బిడ్డా" అంది ఆమె. "ఆ పిలిచింది రాతల లేదు. అందుకే దొంగ అయిండు."

అతను తల వంచుకున్నాడు.

ఆమె లేచింది. "సరే. రాయలేనంటవు. నోటితోటే చెప్తనంటవు. ఇక్కడ మా ఇద్దరి ముందు ఎందుకు? ఎక్కడ దొంగ అన్నరో ఆడ చెప్పు. మిల్లు గేటు కాడ. హమాలీల ముందట."

అతను ఒప్పుకున్నాడు. తప్పించుకుంటాడని అనుకున్నాను, తప్పించుకోలేదు. దాన్ని ఇక్కడ రాయాలి.

బండి ఎక్కించే లారీ షెడ్డు ముందుకు కాకుండా మిల్లుకే వచ్చేట్టు అతనే ఏర్పాటు చేశాడు. బండిని మళ్లీ అక్కడికి తీసుకుపోయాం, వెడల్పు సీటుతోనే. పొద్దున పది దాటింది. మార్కెట్‌కు బస్తాలు పోయే వేళ, గేటు దగ్గర ముప్పై మంది దాకా ఉన్నారు. ముక్కులకు తువ్వాళ్లు కట్టుకున్న హమాలీలు, ట్రాలీ డ్రైవర్లు, చాయ్ బండి దగ్గర రైతులు ఇద్దరు ముగ్గురు. ఆమె గేటు పక్కన, గోడకు ఆనకుండా, నిటారుగా నిలబడింది. నేను పక్కన ఉన్నాను.

మనవడు బండి పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. జర ఇనుండ్రి అన్నాడు. హమాలీలు పని చెబుతాడనుకుని ఆగారు.

"ఈ బండి కట్టింది, నడిపింది ఈమె నాన్న. ఈ మిల్లు ఫిట్టరు. రేసుల కూడ ఆయనే నడిపిండు. ఆయన దొంగతనం చెయ్యలే. మా తాత పంపిస్తేనే పోయిండు. పోయి సచ్చిపోయిండు. దొంగ అన్నది మా ఇంటోళ్ల తప్పు."

తండ్రి పేరు కూడా చెప్పాడు, గట్టిగా, ఒక్క అక్షరం మింగకుండా. నేను ఇక్కడ రాయడం లేదు.

ఒక హమాలీ పక్కవాణ్ని, ఎవలి సంగతి అని అడిగాడు. ఏమో పాత ముచ్చటట అని వాడు చెప్పాడు. ఇద్దరూ బస్తా ఎత్తుకున్నారు. మిల్లు నడిచిన కాలం వాళ్లు ఆ గుంపులో ఒక్కరే ఉన్నారు, చాయ్ బండి వెనక బల్ల మీద కూర్చునే ముసలాయన, ఒకప్పుడు అక్కడే వాచ్‌మన్. ఆయనకు ఇప్పుడు చెవులు వినబడవు. మనవడు ఆయన దగ్గరికి పోయి వంగి మళ్లీ చెప్పాడు. ముసలాయన నవ్వి, పెద్దదొర మంచోడు బిడ్డా అన్నాడు. మనవడు మూడోసారి, చెవిలో అరిచినట్టుగా చెప్పాడు. ముసలాయన తల ఊపాడు. దేనికి ఊపాడో నాకు తెలియలేదు.

దొంగ అన్నవాళ్లు అనేసి పోయారు, వినవలసిన రోజుకు ఒక్కరూ లేరు. ఆమె ముఖం చూడడానికి భయమేసింది.

బండి లారీ ఎక్కింది. తాళ్లు బిగించారు. ఎర్రటి ముక్కు గేటు దాటేదాకా ఆమె కదలలేదు. తర్వాత నా వైపు తిరిగి, "చెప్పిండు. నేను ఇన్న. నేను కూడ అప్పటిదాన్నే గద తమ్మీ" అంది. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతి మిగిలి ఉంది వినడానికి. ఆమెకు అది సరిపోయిందో లేదో అడగలేదు. ఆటో ఎక్కుతూ, ఇంక నువ్వు రాయి అంది.

రాయడానికి తోడైనవాళ్లను తలుచుకుని ముగిస్తాను. ఎవరి పేరూ రాయనన్న మాట వాళ్లకూ వర్తిస్తుంది, ఏమనుకోవద్దు. భూతద్దం తెచ్చుకుంటే కిటికీ పక్క బల్ల ఖాళీ చేయించి ఇచ్చిన గ్రంథాలయం ఆయనకు, ఇన్నేళ్లూ నా ప్రశ్నలకు విసుక్కోనందుకు కూడా, నమస్కారం. ముక్కల కోసం కొట్టంతా వెతికి, దొరకవని తెలిసీ రెండోసారి వెతికిన తుక్కు కొట్టు తమ్ముడికి. తొమ్మిది రోజులు నా షెడ్డుకు వచ్చిన బండ్లను తన షెడ్డులో బాగు చేసి పంపిన పక్క షెడ్డు అన్నకు, అతని ఎగతాళితో సహా. ముప్పై మంది ముందు సొంత ఇంటి తప్పు ఒప్పుకున్న మనవడికి. ఈ రాత అతనికి పంపాను, చదివి, ఆపమని చెప్పలేదు. ప్రతి పేజీ విని, ఇక్కడ నీ తప్పు తక్కువ చేసుకున్నవు తమ్మీ అని రెండుచోట్ల దిద్దించిన ఆపాకు.

ఇంకొకాయన ఉన్నాడు. ఆయన ముఖం నేను చూడలేదు. ఆయన నడుము, వెన్ను, రెండు భుజాలు మాత్రం నా చేతులకు తెలుసు. ఆ సీటు షెడ్డులో నా పని బల్ల పక్కనే ఉంది. చోటు ఇరుకు, వచ్చినవాళ్లు దాని మీద రెంచీలు, డబ్బాలు పెట్టబోతారు. వద్దంటాను. ఎందుకని అడిగితే, మనిషి ఉన్నాడంటాను.